మద్దెల ఓడు కాదు

ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల మద్దెల పేరు టూల్. టీములు డాక్యుమెంటేషన్ రాయకపోవడానికి కారణం ఏమిటని అడగండి, రాయడం కష్టంగా ఉందంటారు. రాసే పద్ధతి తేలిక చేసి, బటన్ నొక్కగానే పేజీ జనంలోకి వెళ్లేలా పెడితే అందరూ రాస్తారని మేనేజర్ల నమ్మకం. దాంతో కొత్త టూల్ కొంటారు, పాత పేజీలన్నీ అందులోకి చేరవేస్తారు, రెండేళ్లకు అదీ చెత్తకుప్ప అవుతుంది. అప్పుడు మళ్లీ మద్దెల మారుస్తారు. ఈ మోత నేను మూడుసార్లు మోశాను. ఆ అనుభవంతోనే అంటున్నాను, జబ్బు అక్కడ లేదు.

ఒకప్పుడు మద్దెల నిజంగానే ఓడుగా ఉండేది, కాదనను. నేను చేరిన కొత్తలో డెవలపర్ మెయిల్లో పంపిన సవరణను ఫ్రేమ్‌మేకర్‌లో ఎక్కించి, పీడీఎఫ్ చేసి పంపేసరికి తర్వాతి రిలీజు వచ్చేసేది. 2004లో జాన్ గ్రూబర్ మార్క్‌డౌన్ తెచ్చాడు. మాటకు అటూ ఇటూ రెండేసి నక్షత్రాలు పెడితే బోల్డ్ అయిపోతుంది, అంతకన్నా తేలిక ఏముంటుంది? తర్వాత స్ఫింక్స్, రీడ్ ద డాక్స్ వచ్చాయి. కోడ్ పక్కనే డాక్స్ పెట్టుకుని, కోడ్‌తో పాటే పంపే వీలు కుదిరింది. ఆ మేలు మేలే.

మరి ఆ మేలు జరిగాక ఏమైంది? 2017లో గిట్‌హబ్ ఓపెన్ సోర్స్ వాళ్ల మధ్య ఒక సర్వే చేసింది. అరకొరగానో పాతబడిపోయో ఉన్న డాక్యుమెంటేషన్ తమకు ఎదురైందన్నవాళ్లు నూటికి 93 మంది. కోడ్ రాసి ఇచ్చేవాళ్లలో 60 శాతం, డాక్స్ జోలికి ఎప్పుడో తప్ప వెళ్లం, లేదా అసలే వెళ్లం అన్నారు. పెన్సిల్ బొమ్మ నొక్కి బ్రౌజర్లోనే పేజీ దిద్దుకోగల మనుషులు వీళ్లు. వాళ్లకు ఇంకే సౌకర్యం తక్కువైంది?

ఇప్పుడు రెండో వైపు చూడండి. డేటాబేస్‌లతో పనిచేసే ఎవరినైనా అడగండి, పోస్ట్‌గ్రెస్ మాన్యువల్ పేరు చెప్పగానే మొహం వెలుగుతుంది. రెండువేల పేజీలు దాటిన ఆ గ్రంథాన్ని ఈనాటికీ డాక్‌బుక్‌లోనే రాస్తున్నారు. చిన్న పేరా రాయాలన్నా ముందొక ట్యాగు, వెనకొక ట్యాగు. మా ఆఫీసులో అది చూపిస్తే కుర్రాళ్లు పారిపోతారు. అయినా ఆ మాన్యువల్ ఎందుకు బాగుంది? కొత్త ఫీచర్ తెచ్చినవాడు దాని డాక్స్ కూడా అదే ప్యాచ్‌లో తేవాలి. రివ్యూ చేసేవాడు డాక్స్ ఉన్నాయా లేవా అని చూస్తాడు. టూల్ మొరటుదే, వాకిట్లో కాపలా మాత్రం గట్టిది.

ఇంకా వెనక్కి వెళ్తే 1971 నవంబరు నాటి యూనిక్స్ తొలి మాన్యువల్ ఉంది. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ తెచ్చిన పుస్తకం. పేజీ కుదరాలంటే వరస మొదట్లో చుక్క పెట్టి ఆజ్ఞలు రాసుకోవాల్సిన రోజులు. ఒక్కో కమాండ్‌కు ఒక్కో చిన్న పేజీ, చివర్లో రెండు శీర్షికలు. ఒకటి బగ్స్: మేం చేసిన దానిలో ఈ లోపం ఉంది అని తామే ఒప్పుకునే చోటు. రెండోది ఓనర్, దాని కింద రెండు మూడు పొడి అక్షరాలు. డీఎంఆర్ అని ఉంటే రిచీని అడగాలన్నమాట. యాభై ఏళ్లలో మనం ఎన్నో సౌకర్యాలు కలిపాం, ఆ ఓనర్ అన్న మాటను మాత్రం చాలా చోట్ల జారవిడుచుకున్నాం. ఇప్పుడు పేజీ టీమ్ అందరిదీ. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలే కనపడవు.

పోయినేడు ఒక రాత్రి రెండింటికి ఫోన్ మోగింది. ఆన్‌కాల్‌లో ఉన్న కొత్త కుర్రాడు. "అక్కా, పేమెంట్ రీట్రై ఆగిపోయింది. ఏ పేజీ చూడాలి?" వికీలో వెతికితే పదకొండు పేజీలు వచ్చాయి. పేమెంట్ రీట్రై, పేమెంట్ రీట్రై కొత్తది, పేమెంట్ రీట్రై ఫైనల్, ఫైనల్ 2 ఇదే వాడండి. ఆ ఫైనల్ 2 రాసినాయన పేరు బూడిద రంగులో ఉంది, అంటే మనిషి కంపెనీ వదిలేశాడు. నోటీస్ పీరియడ్ ఆఖరి వారంలో కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్) ఇమ్మంటే హడావుడిగా నింపి వెళ్లిన పేజీ అది. అందులో చెప్పిన సర్వర్ అప్పటికే తీసేశారు. పనికొచ్చిన కమాండ్ ఇంకేదో పేజీ అడుగున, బ్రాకెట్లలో ఎవరో ఇరికించిన వాక్యంలో దొరికింది.

ఆ పదకొండూ రాయడం మరీ తేలికవడం వల్ల పుట్టినవే. పాత పేజీ వెతికి, చదివి, తప్పేదో తేల్చుకుని దిద్దడం కన్నా కొత్తది తెరవడం సుఖం. టూల్ అమ్మేవాడు మీ టీమ్ ఈ నెల ఎన్ని పేజీలు రాసిందో గ్రాఫ్ గీసి చూపిస్తాడు. అర్ధరాత్రి ఎన్ని పేజీలు మనల్ని తప్పుదారి పట్టించాయో చూపించే గ్రాఫ్ నేనింతవరకూ చూడలేదు.

అసలు శ్రమ టైపు చేయడంలో లేదు. రీట్రై మధ్యలో ఆగితే కస్టమర్ డబ్బు రెండుసార్లు కట్ అవుతుందా? డాక్స్ రాయడానికి కూర్చున్నవాడికే ఈ ప్రశ్న వస్తుంది. డెవలపర్‌ని అడిగితే కాదనుకుంటా అంటాడు. మేనేజర్ని అడిగితే అది ఇంకా డిసైడ్ కాలేదంటాడు. పేజీ ఖాళీగా ఉన్న చాలా చోట్ల నేను చూసింది ఇదే, టీమ్ ఇంకా ఏదీ తేల్చుకోలేదు. ఏ బటన్ నొక్కితే తేలుతుంది?

ఏఐ రాసిపెడుతుందని ఇప్పుడు కొత్త ఆశ. పేమెంట్ రీట్రై మూడుసార్లు జరుగుతుందని కోడ్ చూసి అది చక్కగానే రాస్తుంది. మూడే ఎందుకో మాత్రం కోడ్‌లో ఉండదు. ఆ సంగతి బ్యాంకు వాళ్లతో ఎవరో ఫోన్లో మాట్లాడుకున్నారు. ఇక మన పదకొండు పేజీలు నూటపది అవుతాయి, అదీ మంచి ఇంగ్లీషులో.

ఆ రాత్రి తర్వాత పదకొండింట్లో తొమ్మిది తీసేస్తానన్నాను. "ఉండనీ అక్కా, ఎప్పుడైనా పనికొస్తాయి" అన్నారందరూ. అటక మీది పిడి విరిగిన కుక్కర్ గురించి మా అమ్మా ఇదే అంటుంది. తీసేశాను. మిగిలిన రెండింటికీ పైన ఒక్కో మనిషి పేరు పెట్టాను. ఒకటి ఆ కుర్రాడి పేరు. మర్నాడు పొద్దున్నే ల్యాప్‌టాప్ పట్టుకుని నా సీటు దగ్గరికొచ్చాడు.

"అక్కా, నా పేరు పెట్టారు కదా, అందుకే అడుగుతున్నా. ఈ నాలుగో లైను నిజమేనా?"