ఊరేగింపు ఒకరిది, గెలుపు ఎవరిది?

ఇంగ్లీషులో గెలుపుకి రెండు పెద్ద మాటలున్నాయి. ఒకటి 'విక్టరీ'. ఇంకోటి 'ట్రయంఫ్'. బళ్ళో రెంటికీ 'విజయం' అనే అర్థం చెప్తారు. అది చాలదంటున్నాం మేము. విక్టరీ అంటే పోరులో నెగ్గడం. ట్రయంఫ్ అంటే నెగ్గినందుకు ఊరేగడం. మరి నెగ్గింది ఒకరు, ఊరేగేది ఇంకొకరు అయితే ఏటి సంగతి? అందుకే ఈ రెండో మాట పుట్టుక మన పేటల్లో అందరికీ తెలియాలి.

ఇది రోము నగరంలో పెరిగిన మాట. లాటిన్‌లో 'ట్రయంఫుస్' అన్నారు. పరాయి దేశాన్ని ఓడించి వచ్చిన సేనానికి పెద్దల సభ, అంటే సెనేట్, ఊరేగింపు మంజూరు చేసేది. అతను నాలుగు గుర్రాల రథమెక్కేవాడు. రథం ముందు దోచుకొచ్చిన సొమ్ము, సంకెళ్ళేసిన బందీలు. వెనక సైనికులు. క్రీస్తు పూర్వం 46లో జూలియస్ సీజర్ ఊరేగినప్పుడు గాల్ దేశపు నాయకుడు వెర్సింజెటరిక్స్‌ని అలాగే నడిపించి, ఆ తర్వాత చంపేశారు. రథమెక్కినోడు ఒక్కడుంటే ట్రయంఫ్ అవదు. తల వంచుకుని ముందు నడిచేవాడు కూడా కావాలి.

అదే రోములో క్రీస్తు పూర్వం 73లో స్పార్టకస్ నాయకత్వాన బానిసలు తిరగబడ్డారు. రెండేళ్ళకి క్రాసస్ అనే సేనాని వాళ్ళని అణిచాడు. పట్టుబడ్డ 6000 మందిని కాపువా నుంచి రోము దాకా దారి పొడుగునా సిలువ వేశాడు. అంత చేసినా అతనికి ట్రయంఫ్ దక్కలేదు. 'ఒవేషన్' అనే చిన్న ఊరేగింపుతో సరిపెట్టారు. ఎందుకని? బానిసల మీద గెలుపు పెద్దల లెక్కలో గెలుపే కాదు. చంపడానికి మనుషులుగా దొరికారు, శత్రువుగా గుర్తించడానికి మాత్రం తక్కువైపోయారు! మన పేట మీద దాడి జరిగితే 'ఇరువర్గాల ఘర్షణ' అని రాసిపారేసే కలానిది కూడా ఆ సెనేట్ బుద్ధే.

మన జిల్లా పేరులోనే విజయం ఉంది. ఆ విజయం కథ చూడండి. 1757 జనవరి 24న ఫ్రెంచి బుస్సీ ఫిరంగుల అండతో విజయనగరం రాజు బొబ్బిలి కోట నెగ్గాడు. కొద్ది రోజుల్లోనే తాండ్ర పాపారాయుడి చేతిలో తన డేరాలోనే చచ్చాడు. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర అదే వంశపు రాజుని కంపెనీ సైన్యం చంపింది. బుర్రకథల్లో రాజులున్నారు, బొబ్బిలి పులి ఉన్నాడు. ఎవరి జెండా ఎగిరినా కంబారి కంబారిగానే ఉన్నాడు.

పాత కథలెందుకంటారా? నేటి సంగతికి వద్దాం. ట్రయంఫ్ అనే మాట అరిగి అరిగి ఇంగ్లీషు పేకాటలో 'ట్రంప్' అయింది. మన తురుపు కూడా ఆ కుటుంబపు మాటే. తురుపైతే రెండు ముక్క కూడా ఆసుని కొట్టేస్తుంది. 1994 పంచాయతీరాజ్ చట్టం కింద వచ్చిన ఎస్సీ సర్పంచ్ సీటు మనకి అలాంటి తురుపు ముక్క. మరి జరుగుతున్నదేటి? మనోడు నెగ్గుతాడు. విజయోత్సవం బయల్దేరుతుంది. జీపెక్కి చేతులూపేది పెత్తందారు. ముందు డప్పు కొట్టుకుంటూ నడిచేది మనం. దండ మన మెడలో, చెక్కుబుక్కు వాళ్ళ జేబులో. ముక్క మన చేతిలోనే ఉన్నా పక్కనోడు చెప్పినట్టు వేస్తుంటే ఆట ఎవరిది?

పూనా దగ్గర కోరేగాఁవ్‌లో ఒక రాతి స్తంభం ఉంది. 1818 జనవరి 1న జరిగిన యుద్ధానికి గుర్తుగా బ్రిటిష్‌వాళ్ళు నిలబెట్టారు. దాని మీద తమ సైన్యం ఘనత చెక్కుకుంటూ వాడింది ఈ ట్రయంఫ్ మాటనే. ఆ రాతి మీద పేర్లలో 22 మహార్లవి. అదే సైన్యం 1892లో మహార్లకి తలుపు మూసేసింది. 1927 జనవరి 1న బాబాసాహెబ్ అంబేద్కర్ ఆ స్తంభం దగ్గర నిలబడ్డారు. దొరల ఊరేగింపు రాతిలోంచి మనవాళ్ళ పేర్లు బయటికి తీశారు. అప్పుడది మన గెలుపయింది.

ఇక మన గడ్డ మీద లక్ష్మీపేట ఉంది. అప్పట్లో శ్రీకాకుళం జిల్లా వంగర మండలం, 2022 నుంచి విజయనగరం జిల్లా. మడ్డువలస ప్రాజెక్టుకని సర్కారు తీసుకోగా మునగకుండా మిగిలిన భూమి కోసం తగువు. ఆ భూమిని మనవాళ్ళు దున్నుకోవడం కిట్టక 2012 జూన్ 12న ఐదుగురు దళితుల్ని చంపేశారు. ఆ నెత్తురికి గెలుపంటే ఏది? పరామర్శకొచ్చిన కార్లా? ప్రకటించిన నష్టపరిహారమా? ఆ భూమిలో భయం లేకుండా నాగలి పట్టడమే గెలుపు.

కోర్టు తీర్పు కూడా ఆఖరి మాట కాదు. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితుల్ని నరికారు. పట్టుబట్టి ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. మళ్ళీ సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. తీర్పు రోజున మిఠాయిలు పంచుకోవడం తప్పు కాదు. పంచుకున్నాక కేసు కట్ట అటకెక్కిస్తేనే ముప్పు.

కాబట్టి కార్యకర్తలారా, ఇకమీదట ఎవరైనా వచ్చి 'గెల్చీసినాం, డప్పులు తియ్యండి' అంటే ముందు వాళ్ళని అడగండి. పట్టా ఎవరి పేర ఉంది? ఆ భూమిలో కోత ఎవరు కోస్తున్నారు? సర్పంచ్ సంతకం ఎవరి మాట మీద పడుతోంది? పై కోర్టులో కేసు ఎవరు చూస్తున్నారు? జవాబు మన పేటలోంచి వస్తే అది గెలుపే, గట్టిగా కొట్టండి. రాకపోతే అది పరాయి రథం, మనం దాని ముందు నడుస్తున్నాం. అప్పుడు డప్పు భుజం మీంచి దించీయండి.