ఏరు అంటే నీళ్లే కదా సార్!



మా గూడెం బడిలో రెండో తరగతి పిల్లని సారు అడిగారు, "ఏరు అంటే ఏంటమ్మా?" అని. పిల్ల టక్కున "నీళ్లు" అంది. తప్పు అని రాసుకున్నారు. మన కోయలో ఏరు అంటే నీళ్లే. తెలుగులో వాగు. పిల్ల తన భాషలో ఒప్పే చెప్పింది. అయినా నెలాఖరు లెక్కలో ఆమె పేరు "వెనుకబడిన" గడిలో పడింది. ఆ కాగితం కాంప్లెక్స్‌కి, మండలానికి, ఆ పైకి పోయింది. కిందికి తిరిగొచ్చింది ఒక్కటే మాట: ఫలితాలు పెంచండి.

ఇప్పుడు విద్యాశాఖ మీటింగుల్లో "నిరంతర మెరుగుదల" అనే మాట వినిపిస్తోంది. టీచర్లు బృందంగా కూచోవాలి, ఒక చిన్న మార్పు అనుకోవాలి, చేసి చూడాలి, ఏమైందో పరిశీలించాలి, సరిదిద్దుకుని మళ్లీ మొదలెట్టాలి. దీనికి నేను వ్యతిరేకిని కాదు. డెమింగ్ అనే అమెరికన్ గణాంక నిపుణుడు 1950లో జపాన్ వెళ్లి ఫ్యాక్టరీల వాళ్లకి నాణ్యత పాఠాలు చెప్పాడు, ఈ చక్రం ఆ దారిలో వచ్చిందే. జపాన్ బడుల్లో అంతకుముందు నుంచే ఇంకో అలవాటుంది. టీచర్లు కలిసి ఒక పాఠం తయారుచేస్తారు, ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు వెనక కూచుని పిల్లల్ని గమనిస్తారు. గమనించేది పిల్లల్ని, టీచర్ని కాదు. మన పెద్దలకీ ఇది కొత్త కాదులెండి. ఈ వాలులో కొర్ర రాలేదంటే వచ్చే ఏడు విత్తనం మారుస్తారు గానీ కొండని తిట్టరు.

తెలంగాణలో 2022లో తొలిమెట్టు పెట్టినప్పుడు కూడా ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లల స్థాయి చూడాలి, నెలనెలా సమీక్షించాలి అన్నారు. మంచిదే. మరి గూడెంలో బృందం ఎక్కడుంది? చాలా బడులకి ఒక్కరే టీచర్. ఐదు తరగతులూ ఆయనే, మధ్యాహ్న భోజనం లెక్కా ఆయనే, ఫొటో అప్‌లోడ్ చేయడానికి సిగ్నల్ కోసం గుట్ట ఎక్కేదీ ఆయనే. మీటింగుకి పోతే ఆ రోజు బడికి తాళం. పైగా నిజం రాస్తే మెమో వస్తుందనుకునే చోట అందరూ "బాగుంది" అనే రాస్తారు. అలాంటి రిజిస్టర్ పదేళ్లు తిరగేసినా ఏం నేర్చుకుంటాం?

అసలు చిక్కు భాష. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యం కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణ చెబుతోంది. ఉమ్మడి రాష్ట్రంలో కోయ, గోండి, కొలామి, సవర, కువి లాంటి ఎనిమిది భాషల్లో వాచకాలు వేశారు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. జీవో 3ని మనం ఉద్యోగాల గొడవగానే మాట్లాడుకుంటున్నాం. "ఏరు" అన్న జవాబు విని నవ్వి, "ఒప్పే, ఇక్కడ ఇంకో అర్థం కూడా ఉంది" అనగలిగే మనిషి మీటింగులో ఉంటారా లేదా అనేది కూడా అదే గొడవ.

ఏం చేయొచ్చు? నాలుగు గూడేల టీచర్లు ఒక జట్టు. అందులో కోయ మాట్లాడే ఒకరు, అంగన్‌వాడీ అక్క కావచ్చు, ఇంటర్ చదివిన మన తమ్ముడు కావచ్చు, భత్యం ఇచ్చి. ఆరు వారాలకి ఒకే ప్రశ్న పెట్టుకోండి. కథ చదివాక పిల్ల దాన్ని కోయలో చెప్పగలిగి తెలుగులో తడబడితే, ఆమెకి కావాల్సింది తెలుగు మాటలు. కోయలో కూడా చెప్పలేకపోతే కథే అర్థం కాలేదు, లేదా అక్షరాలే రాలేదు. మందులు వేరు. ఇప్పుడు అందరికీ ఒకటే గడి. ఆ ఆరు వారాల కాగితం జట్టు దగ్గరే ఉండాలి, పైకి పోకూడదు.

మనమూ తక్కువ తినలేదు. ధర్నాలో గొంతు చించుకుంటాం, ఎస్ఎంసీ మీటింగుకి రమ్మంటే పోం. నేనే రెండేళ్లు పోలేదు.

ఈ నెల కాంప్లెక్స్ మీటింగ్ అయ్యాక మీ టీచర్‌ని అడగండి, కోపంగా కాదు, పక్కన కూచుని: ఏ పిల్ల ఎక్కడ ఆగింది, పోయిన నెల నుంచి మీరేం మార్చారు? తర్వాత ఐటీడీఏ పీవో గారికి అర్జీ రాద్దాం. మీటింగు రోజు బడికి ఇంకో టీచర్, జట్టులో కోయ వచ్చిన మనిషి, ఆ మనిషికి భత్యం. మూడే అడుగుదాం. మీ గూడెం పేరు కామెంట్లో పెట్టండి, అర్జీ నమూనా నేను పంపిస్తా.