పంట ఒకరిది, పట్టం మరొకరికి



ఛందస్సు, వ్యాకరణం తప్ప మరొకటి పట్టని ఈ తెలుగు పంతులు ఆటలను గురించి టపా వ్రాయడమేమిటని కొందరు నవ్వుకోవచ్చును. నవ్వండి, కాని చివరిదాకా చదవండి. తప్పు లెక్క కంటబడినప్పుడు అది పద్యపాదంలో ఉన్నదా, ఆటల పట్టికలో ఉన్నదా అని విచారించి ఊరకుండడం నాకు చేతకాదు.

మా మనుమరాలి పుణ్యమా అని స్త్రీల రగ్బీ సెవెన్స్ రుచి మరిగాను. మన చెడుగుడు వలెనే జట్టుకు ఏడుగురు. ఏడేసి నిమిషాల రెండు భాగాలు. మనిషి ముందుకు పరుగెత్తాలి. చేతిలోని బంతిని మాత్రం ముందుకు విసరరాదు, పక్కకో వెనుకకో అందించాలి. 1883లో స్కాట్లండులోని మెల్రోజ్ అనే చిన్న ఊరిలో పుట్టిన ఆట ఇది. ఏటేటా దేశదేశాలు తిరిగి ఆడే ప్రపంచ పోటీల వరుస పురుషులకు 1999-2000లో మొదలైనది. స్త్రీలకు ఆ భాగ్యం 2012-13 దాకా కలగలేదు.

నా తగవు 2023-24 నాటి పోటీలతో. ఆ ఏడు ఏడు నగరాలలో పన్నెండు స్త్రీల జట్లు, పన్నెండు పురుషుల జట్లు ఒకే మైదానంలో, ఒకే రోజులలో ఆడాయి. అది మెచ్చుకోదగిన పని. ఇక ఫలితాలు చూడండి. దుబాయి, కేప్‌టౌన్‌లలో ఆస్ట్రేలియా గెలిచింది. 2024 జనవరిలో పెర్త్‌లో ఐర్లండు స్త్రీలు ఆస్ట్రేలియాను దాని సొంత గడ్డమీదనే 19-14తో ఓడించి, ఈ వరుసలో తమ మొట్టమొదటి విజయాన్ని అందుకొన్నారు. ఆ తరువాత వాంకూవర్, లాస్ ఏంజలిస్, హాంకాంగ్, సింగపూర్ నాలుగింటినీ వరుసగా న్యూజిలాండే గెలుచుకొన్నది. అది కూడా ఏ స్థితిలో? మొదటి మజిలీ దుబాయిలోనే వారి నాయకురాలు సారా హిరిని మోకాలు తీవ్రంగా దెబ్బతిన్నది. సేనాని పడిపోతే సేన చెదరడం కావ్యాలలో పరిపాటి. ఈ సేన చెదరలేదు. మే నెలలో సింగపూర్ పోటీ ముగిసేనాటికి పట్టికలో అగ్రస్థానం న్యూజిలాండ్‌దే.

2012-13 నుంచి 2022-23 వరకు నడచిన ధర్మం ప్రకారం కథ అక్కడితో ముగియాలి. ఏడాది మొత్తంమీద ఎవరి పాయింట్లు ఎక్కువైతే వారే ఆ ఏటి విజేతలు. కాని ఆ ఏడు నిర్వాహకులు కొత్త సూత్రం పుట్టించారు. పట్టికలోని మొదటి ఎనిమిది జట్లు మాడ్రిడ్ చేరాలి; అంతవరకు కూడబెట్టిన పాయింట్లు అక్కడ చెల్లవు; అక్కడ గెలిచినవారే ఛాంపియన్లు. 2024 జూన్ 2న జరిగిన ఫైనల్లో ఆస్ట్రేలియా 26-7తో ఫ్రాన్సును ఓడించింది. న్యూజిలాండ్ ఫైనలుకే చేరలేదు. ఏడు నగరాల పంట పండించినవారికి 'లీగ్ విజేత' అనే ఊరడింపు; మూడు రోజులలో గెలిచినవారికి పట్టాభిషేకం!

ఆస్ట్రేలియా స్త్రీలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. లెవీ అక్కచెల్లెళ్ల పరుగును చూసినవారెవరూ ఆ సాహసం చేయరు. మాడ్రిడ్ గెలుపు నిస్సందేహంగా వారిది. ఏడాది గెలుపు మాత్రం వారిది కాదు.

ఫైనలు లేనిదే ఉత్కంఠ ఏదీ, ఐపీఎల్‌లో మాత్రం లేదా అని అడుగుతారు. ఉన్నది. కాని అక్కడ పట్టికలో మొదటి రెండు స్థానాల జట్లకు ఒకసారి ఓడినా మరొక అవకాశం ఉంటుంది. అంటే ఏడాది శ్రమకు ఎంతో కొంత విలువ కట్టారన్నమాట. మాడ్రిడ్‌లో సెమీఫైనల్లో ఓడితే అంతే సంగతులు. మొదటి జట్టుకైనా, ఎనిమిదవ జట్టుకైనా ఒకటే న్యాయం.

ఒలింపిక్స్ మాటేమిటందురా? అదే 2024 జూలైలో పారిస్‌లో న్యూజిలాండ్ స్వర్ణం గెలిచింది. ఆస్ట్రేలియాకు పతకమే దక్కలేదు. దానిని చూపి మాడ్రిడ్ తీర్పు తప్పని వాదించడం తేలిక. నేను వాదించను. ఒకనాటి గెలుపును మరొకనాటి గెలుపుతో కొట్టివేయడం నా పద్ధతి కాదు. ఒలింపిక్స్ తనను ఏడాది లెక్కగా చెప్పుకోదు. మాడ్రిడ్ చెప్పుకొన్నది. అదీ దోషం.

పురుషులకూ అదే జరిగిందిగదా, లీగ్ అర్జెంటీనాది, మాడ్రిడ్ ఫ్రాన్సుది, ఇందులో స్త్రీలకు ప్రత్యేకంగా జరిగిన అన్యాయమేమున్నదని మరొక ప్రశ్న. పురుషుల చరిత్రపుటలు అంతకు ముందే చాలా నిండాయి. ఆలస్యంగా తెరచిన స్త్రీల పుస్తకంలో ఉన్న పుటలే కొన్ని. వాటిలో ఒకదానిమీద తప్పు పేరు పడితే లోటు పెద్దది. పైగా ఏడాదంతా పొయ్యి దగ్గర నిలిచిన చేతిని మరచి, పండుగనాటి వడ్డనను మాత్రమే పొగడడం స్త్రీల విషయంలో మనకు పాత అలవాటు. దానిని మైదానానికి కూడా ఎక్కించవద్దు.

ఈ బాధ నాకు అనుభవమే. ఒక ఏడు తనిఖీ అధికారి మా బడికి వచ్చిన పూట నాకు జ్వరం, గొంతు పెగలలేదు. 'బోధన అంతంతమాత్రము' అని వ్రాసి వెళ్లిపోయినాడు. ఆ ఏడాది పొడుగునా చెప్పిన పాఠాలు ఆ కాగితంలో ఎక్కడా లేవు.

2024-25లో లీగూ, లాస్ ఏంజలిస్‌లో జరిగిన తుది పోటీ రెండూ న్యూజిలాండే గెలిచింది గనుక ఈ ప్రశ్న లేవలేదు. లేవనంత మాత్రాన తీరినట్లు కాదు. 2025-26కు ముగింపును హాంకాంగ్, వయాడోలిడ్, బోర్డో అని మూడు నగరాలకు పంచారు. ఒక్క వారాంతం చాలదని నిర్వాహకులే ఒప్పుకొన్నట్లు గదా! కాని అదే చేత్తో మొదటి శ్రేణిని పన్నెండు జట్ల నుంచి ఎనిమిదికి కుదించారు. ఒక తప్పు దిద్దుతూ మరొక తలుపు మూశారు.

వాక్యానికి సమాపక క్రియ ఎంత అవసరమో వ్యాకరణం చెప్పినవాడిగా నాకు తెలుసు. అయితే కర్తను మార్చివేసే అధికారం దానికి లేదు. ఫైనలు ఆడించండి, కప్పు ఇవ్వండి, గెలిచినవారిని 'మాడ్రిడ్ విజేత' అనండి. 2023-24 విజేత ఎవరని ఎవరైనా అడిగితే మాత్రం న్యూజిలాండ్ అనే చెబుతాను. కాదనేవారు వ్యాఖ్యలో వాదించండి. తిట్లు తప్ప దేనికైనా బదులిస్తాను.

స్వస్తి.