ఎమ్మెల్యే ఆఫీసుల మన అర్జీలకు రక్షణ ఉండాలె, నోట్ల కట్టలకు కాదు

పోస్టు పెద్దగైతది, పొద్దూకినంక తీరికగ చదువుండ్రి.

"ఎమ్మెల్యేను ముట్టుకోవాలంటే స్పీకర్ పర్మిషన్ కావాలె, సభా హక్కులుంటయి" అని మనోళ్లు ఖరాఖండిగ చెప్తుంటరు. ఏ నాయకుని మీద సోదా జరిగినా ఆ పార్టోళ్లు ముందుగల ఎత్తుకునేది సభ గౌరవం మాటే. ఇందుల సగం ఉత్తదే. మిగిలిన సగం నిజం, అది మన రైతులకు పనికొచ్చే నిజం.

రాజ్యాంగంల 194వ అధికరణం ఏమంటదంటే, ఎమ్మెల్యే సభల మాట్లాడిన మాటకు, వేసిన ఓటుకు ఆయన మీద కోర్టుల కేసు నడవదు. పార్లమెంటోళ్లకు 105 ఉన్నది. మంచి రూలే. ఫలానా కంపెనీ నకిలీ విత్తనంతోని రైతులను ముంచిందని మన ఎమ్మెల్యే అసెంబ్లీల లేచి అంటే, ఆ కంపెనీ ఆయన మీద పరువునష్టం దావా వేయకుండ కాపాడేది ఇదే. సభ ఆవరణల అరెస్టు చేయాలంటే స్పీకర్ అనుమతి కావాలె, అది కూడ సరే. బయట క్రిమినల్ కేసుల పట్టుకుంటె మాత్రం స్పీకర్‌కు సమాచారం ఇస్తె చాలు, ముందుగాల అడిగే పని లేదు. 2015 మే 31న ఓటుకు నోటు కేసుల అప్పటి కొడంగల్ ఎమ్మెల్యే రేవంత్ రెడ్డిని ఏసీబీ 50 లక్షల రూపాయల కేసుల అరెస్టు చేసింది గట్లనే. ఆయన తప్పు చేసిండా లేదా అన్నది కోర్టు తేల్చాలె, నేను కాదు. 2022 నవంబరుల అప్పటి మంత్రి మల్లారెడ్డి మీద ఐటీ సోదాలు జరిగినయి, 2024 సెప్టెంబరుల మంత్రి పొంగులేటి ఇంట్ల ఈడీ సోదా చేసింది. సభా హక్కులు వాటిని ఆపలే.

మరి ఈ అపోహ యాడికెల్లి వచ్చింది? మన పీవీ గారి కేసు కాడికెల్లే. లక్నేపల్లిల పుట్టి వంగరల పెరిగిన మనిషి, మనకు గర్వమే. కానీ 1993 జులైల ఆయన సర్కారు మీద అవిశ్వాసం పెడితె 265–251 ఓట్లతోని బయటపడ్డది, జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలకు పైసలు ముట్టినయని కేసైంది. 1998ల సుప్రీంకోర్టు 3–2తోని ఏం చెప్పిందో చూడుండ్రి: పైసలు తీసుకొని ఓటేసినోళ్లకు రక్షణ ఉన్నదట. పైసలు తీసుకున్నడని ఆరోపణ ఉండి, ఓటెయ్యనోనికి మాత్రం లేదట! అంటే లంచం తిని పని చేసిపెట్టినోడు బయట, తిని చేయనోడు బోనుల. ఇసొంటి లెక్క ఏ అడ్తి దుకాణంల కూడ నడవది. పీవీ గారిని 2000ల కింది కోర్టు దోషి అన్నది, 2002ల ఢిల్లీ హైకోర్టు నిర్దోషి అన్నది. కానీ ఆ తీర్పు మాత్రం 26 ఏండ్లు బతికింది. 2024 ఫిబ్రవరిల పీవీకి భారతరత్న ప్రకటించిన్రు, మార్చి 4న ఏడుగురు జడ్జీలు ఒక్క మాట మీద ఆయన పేరుతోని ఉన్న ఆ తీర్పును కొట్టేసిన్రు. లంచం చేతుల పడ్డప్పుడే నేరం అయిపోతది, ఓటు ఎటేసినా సంబంధం లేదు అన్నరు.

హక్కుల ముచ్చట వచ్చింది కాబట్టి ఒకటి యాది చేస్త. 2017ల ధర పడిపోయిందని ఖమ్మం మార్కెట్‌ల లొల్లి చేసిన మిర్చి రైతులను బేడీలేసి కోర్టుకు తెచ్చిన్రు. 2024 డిసెంబరుల లగచర్ల రైతుకు గుండెనొప్పి వస్తె బేడీలతోనే సంగారెడ్డి ఆసుపత్రికి తీసుకపోయిన్రు. ఒకటి ఆ సర్కారుల, ఒకటి ఈ సర్కారుల. ఊరికే బేడీలు వేయొద్దని సుప్రీంకోర్టు 1980లనే చెప్పింది. మన గౌరవానికి ఏ స్పీకర్ అడ్డం రాలే.

ఇంత చెప్పినంక "గట్లయితె పోలీసోళ్లను ఎమ్మెల్యే ఆఫీసు మీదికి ఇష్టమొచ్చినట్టు తోలుదామా" అంటరా? వద్దు. ఇక్కడ్నే నేను ఆగుత.

క్యాంపు ఆఫీసు బీరువాల ఏముంటయి? మన కాగితాలుంటయి. కొనుగోలు సెంటర్ల తరుగు తీసిన మిల్లరు మీద అర్జీ, ధరణిల పేరు మారిందని తహసీల్దారు మీద ఫిర్యాదు, స్టేషన్‌ల కొట్టిండని ఎస్సై మీద కంప్లయింటు. సోదాకు వచ్చేది అదే పోలీసులు, వాళ్ల పగ్గం ఉండేది అధికార పార్టీ చేతుల. కంప్యూటరు, ఫైళ్లు మొత్తం మూటగట్టుకపోతె ఆ ఎస్సై కాగితం యాడికి చేరుతదో మీరే ఆలోచించుండ్రి. ఎమ్మెల్యేకు బెయిలు దొరుకుతది, ఊర్ల మనం దొరుకుతం.

అమెరికాల ఇదే పంచాయితి వచ్చింది. 2006 మే నెలల విలియం జెఫర్సన్ అనే సభ్యుని ఆఫీసును, అదీ వాళ్ల పార్లమెంటు ఆఫీసు బిల్డింగులనే, ఎఫ్‌బీఐ రాత్రంత సోదా చేసింది. అంతకుముందే ఆయన ఇంట్ల ఫ్రీజర్‌ల 90,000 డాలర్లు దొరికినయి. అయినా ఎదుటి పార్టీ స్పీకరే కొట్లాటకు దిగిండు. 2007ల అప్పీలు కోర్టు ఏమన్నదంటే, సభ పనికి సంబంధించిన కాగితాలను ఆయన ముందు వేరుచేసుకునే అవకాశం లేకుండ మీరు చూసుడు తప్పు, అవి వాపస్ ఇయ్యుండ్రి అన్నది. కేసు మాత్రం ఆగలే. 2009ల ఆయన దోషిగ తేలిండు.

మన దగ్గర కూడ గట్ల చేయొచ్చు కదా. జడ్జి వారంటు ఇయ్యాలె, పంచనామా రాయాలె, అర్జీలు, అసెంబ్లీ ప్రశ్నల కాగితాలు సీలేసి ముందు జడ్జికే పంపాలె. నోట్ల కట్టలు, భూముల దస్తావేజులు ఎంబడే జప్తు చేయాలె. ఏ హక్కులు ఎంతవరకో చట్టం చేసి రాసుకోమని రాజ్యాంగమే చెప్పింది. 75 ఏండ్లు దాటినా ఇంకా రాసుకోలే. హద్దురాళ్లు పాతొద్దనేది ఎవడు? పక్కోని గెట్టు జరుపుకుందామని చూసేటోడే. ఈ విషయంల అన్ని పార్టీలు ఒక్కటే, సభల కుర్చీలు ఇసురుకునేటోళ్లు కూడ.

మీ ఎమ్మెల్యే ఏ పార్టీ అయినా సరే, ఈసారి ఊరికొస్తె ఈ చట్టం సంగతి అడుగుండ్రి. అప్పటిదాంక క్యాంపు ఆఫీసుల అర్జీ ఇచ్చినప్పుడు ముద్ర వేయించుకొని ఒక జిరాక్స్ ఇంట్ల పెట్టుకోండి. ఎవరి మీద ఫిర్యాదో ఆ పేరున్న కాగితం అటెండరు చేతుల పెట్టి రాకుండ్రి.