గేమింగ్ కోర్సుకు లోన్ తీసుకునే ముందు ఆగండి

గేమ్ స్టూడియోలో ఉద్యోగం గ్యారంటీ అని చెప్పి మీ పిల్లవాడి చేత ఎవరైనా లోన్ కాగితాల మీద సంతకం పెట్టిస్తుంటే, ఇవాళ్టికి ఆపించండి. గడ్డిఅన్నారం, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉంటున్న డిగ్రీ, బీటెక్ పిల్లలకూ, ఊళ్లలో ఉండి వాళ్లకు డబ్బు పంపే తల్లిదండ్రులకూ ఈ హెచ్చరిక.

గేమింగ్ పనికిరాని వృత్తి అని ఎవరూ అనడం లేదు. కానీ ఆ రంగంలో చిన్న స్టూడియోల ఆయుష్షు ఎంతో కోర్సు అమ్మేవాడు చెప్పడు. న్యూయార్క్‌లో ఓఎంజీపాప్ అనే స్టూడియో ఉండేది. ఏళ్ల తరబడి గేమ్ మీద గేమ్ చేసినా పెద్దగా కలిసిరాలేదు. 2012 ఫిబ్రవరిలో 'డ్రా సమ్‌థింగ్' వదిలారు. ఒకరు ఫోన్లో బొమ్మ గీస్తారు, అదేమిటో అవతలి స్నేహితుడు కనిపెట్టాలి. ఆట అంతే. 50 రోజుల్లో 5 కోట్ల డౌన్‌లోడ్లు! ఫార్మ్‌విల్ తీసిన జింగా మార్చిలోనే దాదాపు 18 కోట్ల డాలర్లు పోసి స్టూడియోను కొనేసింది. కొన్న కొద్ది వారాలకే ఆడేవాళ్లు లక్షల్లో తగ్గిపోయారు. స్నేహితుల కోసం ఆడే ఆటలో ఒకడు మానేస్తే వాడితో ఆడేవాళ్లూ మానేస్తారు. 2013 జూన్‌లో జింగా 520 మందిని ఒక్కసారే తీసేసి ఓఎంజీపాప్ ఆఫీసు మూసేసింది. కొన్నాక పదిహేను నెలలైనా నిండలేదు. ఇదీ గెలిచిన స్టూడియో గతి. గెలవనివాటి పేర్లయినా మనకు తెలియవు.

అమెరికా సంగతి మనకెందుకంటారా? గేమింగ్‌కు పక్కనే ఉండే వీఎఫ్‌ఎక్స్, అంటే సినిమా గ్రాఫిక్స్ రంగం చూడండి. 'లైఫ్ ఆఫ్ పై'లో పులికి ప్రాణం పోసిన రిథమ్ అండ్ హ్యూస్‌కు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆ సంస్థ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. అదే నెలలో ఆ సినిమాకు వీఎఫ్‌ఎక్స్ ఆస్కార్ వచ్చింది. పనితనం ఉంది, పేరుంది, డబ్బే లేదు. ఇక డబ్బు పెట్టి ఆడే ఆటలకు తెలంగాణలో 2017 నుంచే నిషేధం. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేయగానే పెద్దపెద్ద కంపెనీలే ఆ ఆటలు ఆపేశాయి. కాబట్టి మీరు చేరబోయే స్టూడియో ఏ ఆట చేస్తుందో, దాని రాబడి ఎక్కడిదో అడగండి.

మోసం జరిగే తీరు వినండి. డెమో క్లాసులో ఖరీదైన కంప్యూటర్ మీద మెరిసిపోయే గేమ్ చూపిస్తారు. ఇది 'మా సొంత స్టూడియో'లో చేసిందే అంటారు. ఫీజు ఒక్కసారే కట్టక్కర్లేదు, వడ్డీ లేని ఈఎంఐ అంటారు. ఆధార్, పాన్ ఫొటో తీసుకుని ఓటీపీ అడుగుతారు. ఆ ఓటీపీ చెప్పిన క్షణం మీరు ఫైనాన్స్ కంపెనీకి బాకీపడ్డట్టే. ఫీజు ఇన్‌స్టిట్యూట్ ఖాతాలో పడిపోతుంది. రేపు స్టూడియోకు తాళం పడినా ఈఎంఐ ఆగదు, కట్టకపోతే సిబిల్ స్కోరు పడిపోతుంది. బ్యాంకులో చదువు లోనో, బండి లోనో అడిగినప్పుడు అది బయటపడుతుంది.

ఉద్యోగమిచ్చి మోసం చేసేవాళ్లూ ఉన్నారు. సెక్యూరిటీ డిపాజిట్ అడిగినా, ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటామన్నా లేచి వచ్చేయండి. గౌరవంగా చెప్పి రావాల్సిన పని కూడా లేదు.

చేరే ముందు కంపెనీ పేరు కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో కొట్టి, రిజిస్ట్రేషన్ ఉందో కొట్టేశారో చూడండి. వాళ్ల గేమ్ ప్లేస్టోర్‌లో ఎవరి పేరు మీద ఉందో, ఆఖరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో చూడండి. పాత విద్యార్థుల నంబర్లు వాళ్లిచ్చినవి కాకుండా మీరే సంపాదించి మాట్లాడండి. ఫీజు వాపసు షరతు కాగితం మీద లేకపోతే లేనట్టే. ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లు పీఎఫ్ జమవుతోందో లేదో పాస్‌బుక్ తెరిచి చూసుకోండి. నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోపు పడాలన్నది చట్టం. పడకపోతే 'ఇన్వెస్టర్ వస్తున్నాడు' అన్న మాట నమ్మి నెలలు గడపకండి, కార్మిక శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

ఫీజు కట్టి మోసపోయినవాళ్లు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఆన్‌లైన్‌లో డబ్బు లాగేసుకుంటే 1930కి వెంటనే చెప్పండి, ఆలస్యం చేస్తే ఆ డబ్బు దొరకడం కష్టం.