నేట్రం మూర్ 30 మీద ఒక ఆడిట్

నేను చదివింది బీకాం. చేసింది డిఫెన్స్ అకౌంట్స్‌లో ఉద్యోగం. కెమిస్ట్రీతో పనిలేదు. కాని మా మరదలు థైరాయిడ్ మాత్ర మానేసి "నేట్రం మూర్ 30" గుళికలు వేసుకుంటోందని మొన్న తెలిసి, కాగితం, పెన్సిలు తీసుకుని కూచున్నాను.

నేట్రం మూర్ అంటే మరేం కాదండీ, కూరలో వేసుకునే ఉప్పే. 30 అంటే, ఒక వంతుకి 99 వంతులు ద్రావకం కలిపి, అందులోంచి ఒక వంతు తీసి మళ్ళీ 99 కలిపి, అలా 30 సార్లు. సారికి రెండేసి సున్నాలు చొప్పున 60 సున్నాలతో భాగించామన్నమాట.

ఇక నిల్వ ఎంత? 58.5 గ్రాముల ఉప్పులో సోడియం-క్లోరిన్ జతలు సుమారు 6 పక్కన 23 సున్నాలు. 12వ సారికే 24 సున్నాలతో భాగించేశాం. ఆ మిశ్రమం 58.5 గ్రాములు తీసుకున్నా సగటున ఒక్క జత రాదు. మిగిలిన 18 సార్లూ ఖాళీ పద్దుని కొత్త పేజీలోకి ఎత్తి రాయడమే. గాజు సీసాలోంచి దిగే సోడియమే ఇంతకన్నా ఎక్కువ!

(3ఎక్స్ లాంటి తక్కువ పొటెన్సీల్లో సరుకు ఉంటుంది. అది వేరే పద్దు.)

హానిమన్‌ని తప్పు పట్టను. ఆయన 1843లో పోయాడు. అణువుల పరిమాణాన్ని లోష్మిట్ లెక్క కట్టింది 1865లో. ఇప్పుడు అమ్మేవాళ్ళకి ఆ సాకు లేదు.

ఆవిడ మానేసిన మాత్ర 50 మైక్రోగ్రాములే. అందులో మందు అణువులు 350 కోట్ల కోట్లకు పైనే.

"బావగారూ, మీకన్నిటికీ ఆడిట్ అబ్జెక్షనే" అంది. టీఎస్‌హెచ్ పరీక్షకి మాత్రం ఒప్పుకుంది. రిపోర్టు సోమవారం వస్తుంది.