తెర మీది పాత నేరస్థుడు, మధురవాడలో అద్దె గది

2024 నవంబరు 14న విడుదలైన ‘మట్కా’ చిత్రానికి నేపథ్యం మన విశాఖపట్నం. దర్శకుడు కరుణ కుమార్. వరుణ్ తేజ్ పోషించిన వాసు పాత్ర బర్మా నుంచి శరణార్థిగా ఈ తీరానికి చేరుతుంది. చిన్ననాడే హత్య చేసి జైలుకు పోయిన ఆ బాలుడు, బయటికి వచ్చిన తరువాత పూర్ణా మార్కెట్‌లో ఒక కొబ్బరికాయల వ్యాపారి దగ్గర పనికి కుదురుతాడు. అక్కడి నుంచి మట్కా సామ్రాజ్యాధిపతిగా ఎదుగుతాడు. చిత్రం ఆడలేదు. ఆనాటి విశాఖను హైదరాబాదు శివార్లలోని ఫిల్మ్ సిటీలో సెట్టుగా నిలబెట్టారు కనుక, నగరవాసులకు తమ ఊరు తెర మీద కొంత పరాయిగానూ కనిపించి ఉంటుంది. సినిమా బాగోగులు తేల్చడం మా ఉద్దేశం కాదు. జైలు నుంచి వచ్చినవాడు మళ్లీ నేరంలోకి ఎందుకు పోతాడన్న ప్రశ్నకు ఇటువంటి చిత్రాలు చెప్పే సమాధానం గురించే మా చర్చ.

ఆ సమాధానం దాదాపు ఎప్పుడూ ఒక్కటే. అతని రక్తంలోనే ఆ వేడి ఉన్నది, లేదా పాత ముఠా పిలిచింది, లేదా ధనం ఊరించింది. కొన్నాళ్లు మంచివాడుగా ఉండడానికి ప్రయత్నిస్తాడు. ఆ కొన్నాళ్లు ప్రేక్షకుడికి విసుగు. విశ్రాంతికి ముందు అతడు తిరిగి చేయి ఎత్తగానే హాలంతా ఈలలు. ‘మంచివాడుగా బతకడం’ అనే ఘట్టం కథలో ఒక ఆలస్యం మాత్రమే. ప్రేక్షకుడు టికెట్టు కొన్నది అతని పతనం చూడడానికి, ఆ పతనాన్ని విజయంగా అనుభవించడానికి.

1995లో వచ్చిన రజనీకాంత్ ‘బాషా’ను తలచుకోండి. తమిళంలో తీసిన ఆ చిత్రం అనువాదమై తెలుగునాట ఎంతగా ఆడిందో చెప్పనక్కరలేదు. ఆటో నడుపుకొనే మాణిక్యం తన గతాన్ని దాచుకొని బతుకుతుంటాడు. ఆ గతంలో అతడు మాణిక్ బాషా. ఆ ‘బాషా’ అన్న పేరు ఎక్కడిది? హత్యకు గురైన అతని మిత్రుడు అన్వర్ బాషాది. చనిపోయిన స్నేహితుని పేరు ధరించడం ఆత్మీయతే, కాదనము. ఆ చిత్రంలో ముస్లింలపై ద్వేషం ఉన్నదనీ మేము అనము. అయితే ఆ అమరికను ఒక్కసారి గమనించండి. కథానాయకుడు డాన్‌గా ఉన్నంతకాలం బాషా. చెల్లెళ్లకు పెళ్లి చేసే సాధు గృహస్థుగా మాణిక్యం. ఇందులో ఎవరూ కుట్ర చేయలేదు. ఏ పేరు దేనికి నప్పుతుందో సినిమా భాషకు ముందే తెలుసు, అంతే.

‘భాయ్’ అన్న మాట గతీ అదే. మన ఇళ్లలో అన్నను, పక్కింటి పెద్దవాడిని, మసీదు మెట్లమీద చెప్పులు సరిచేసే ముసలాయనను ‘భాయ్’ అని పిలుస్తాము. తెలుగు సినిమాలో భాయ్ అంటే తుపాకి ఉన్నవాడు. 2012లో ‘బిజినెస్‌మేన్’ కథానాయకుడు సూర్య భాయ్ అయ్యాడు. 2013లో నాగార్జున చిత్రానికి పేరే ‘భాయ్’. తమ్ముడు అన్నను పిలిచే పిలుపు ఈ విధంగా ముఠా నాయకుని బిరుదుగా మారింది. కాలేజీలో మన పిల్లవాడిని తోటివారు వేళాకోళంగా ‘భాయ్’ అన్నప్పుడు వాడు నవ్వుతాడు. ఆ నవ్వు వెనుక ఉన్నది అన్న కాదని వాడికి తెలుసు.

ఇక తెర దిగి విశాఖకు వద్దాము. విశాఖపట్నం కేంద్ర కారాగారం అడవివరం దగ్గర, ముడసర్లోవ కొండల అంచున ఉన్నది. విడుదలైన మనిషి ఆరిలోవ మీదుగా హనుమంతవాక కూడలికి చేరి, జాతీయ రహదారిపై ఉత్తరానికి తిరిగితే కొద్దిసేపట్లో మధురవాడ. ఒకనాటి పల్లె నేడు నగరపు ఉత్తర ద్వారం. క్రికెట్ స్టేడియం, ఋషికొండ ఐటీ కొండలు, వరుసగా లేచిన అపార్టుమెంట్లు, వాటి వెనుక నగరం నుంచి తరలించిన పేదల కోసం కట్టిన గృహ సముదాయాలు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచీ, ఒడిశా నుంచీ కూలి కోసం వచ్చినవారు ఇక్కడ ఇరుకు గదుల్లో సర్దుకొంటారు. తాపీ పని, సెంట్రింగు, కాపలా, పార్సిళ్లు చేరవేయడం, కారు నడపడం: చదువు లేని చేతికి దొరికే పనులు ఇవి. గతాన్ని విడిచి కొత్తగా మొదలుపెట్టడానికి ఇంతకన్న అనువైన చోటు మరొకటి ఉండదనిపిస్తుంది.

కాని ఆ పనులలో జైలుకు వెళ్లి వచ్చినవానికి తెరిచి ఉన్నవి ఎన్ని? ప్రైవేటు భద్రతా సంస్థల నియంత్రణ చట్టం, 2005, న్యాయస్థానంలో దోషిగా తేలినవానిని కాపలాదారుగా నియమించరాదని చెబుతున్నది. ఐటీ కంపెనీలకు కార్లు నడపాలంటే పోలీసు ధ్రువపత్రం కావాలి. పార్సిళ్లు చేరవేసే కంపెనీలు పూర్వాపరాలు విచారించిగాని పనిలో చేర్చుకోవు. మిగిలింది రోజుకూలి. అదీ ఎవరైనా మేస్త్రీ పిలిస్తేనే. అద్దె గది సంగతి సరేసరి. ఇంటి యజమాని ఆధార్ కార్డు మీద పేరు చూసి, ‘మా వాళ్లను అడిగి చెబుతా’నన్న తరువాత ఆ ఫోను మోగదని మన కుటుంబాలకు వేరుగా చెప్పవలసిన పని లేదు. ఏ కేసూ లేని ముస్లిం ఉద్యోగికే అద్దె ఇల్లు పరీక్ష అయినచోట, ముస్లిం పేరూ జైలు గతమూ కలిసి ఉన్నవాడు ఏ తలుపు తట్టాలి?

పత్రికల వాడుకలో అతడు ‘పాత నేరస్థుడు’. మొహల్లాలో చిన్న దొంగతనం జరిగినా మొదట విచారించేది అతడినే. చట్టం ప్రకారం శిక్ష ముగిసినా, ఠాణాలో అతని పేరుతో తెరిచిన షీటు ముగియదు. రౌడీషీటర్లను స్టేషన్లకు పిలిపించి కౌన్సెలింగ్ జరపడం మన నగరంలో తరచు చదివే వార్తే. నేరం చేయబోయేవానిని హెచ్చరించవద్దని ఎవరూ అనరు. కాని పని దొరికిన నెలలోనే పోలీసులు యజమాని గుమ్మానికి వచ్చి అతని గురించి వాకబు చేస్తే ఆ పని ఉంటుందా?

ఈ ప్రశ్న కొత్తది కాదు. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తిని దోపిడీ కేసులో అరెస్టు చేసి, సాక్ష్యం లేక విడిచిపెట్టారు. విడిచిపెట్టిన తరువాత అతని మీద హిస్టరీ షీటు తెరిచారు. అర్ధరాత్రి తలుపు తట్టి, ఇంట్లో ఉన్నాడో లేడో చూసేవారు. అతడు సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1962 డిసెంబరులో న్యాయస్థానం ఆ రాత్రి సందర్శనలను రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఆరు దశాబ్దాలు గడిచాక, 2024 మే 7న, అమానతుల్లా ఖాన్ కేసులో అదే న్యాయస్థానం హిస్టరీ షీటు పోలీసుల అంతర్గత పత్రం మాత్రమేననీ, బహిరంగ పరచడానికి కాదనీ చెప్పవలసి వచ్చింది. కేవలం కుల దురభిమానంతో విముక్త జాతుల వారి పేర్లను ఇటువంటి దస్తరాలలో ఎక్కిస్తున్నారన్న ఆరోపణలను కూడ ప్రస్తావించి, రాష్ట్ర ప్రభుత్వాలు జాగ్రత్త వహించాలని కోరింది. తెలుగువారికి ఇది అర్థం కాని సంగతి కాదు. నేరస్థ తెగల చట్టం కింద ఎరుకలను కుటుంబాలతో సహా నిర్బంధించిన స్టూవర్టుపురం మన నేల మీదిదే. చట్టం 1952లో పోయింది. ఊరి పేరు చెబితే జనం జేబులు తడుముకోవడం చాలాకాలం పోలేదు. ఇప్పుడు ఆ ఊరి మీద కూడ సినిమాలు వచ్చాయి.

శిక్షపడిన వారి మాట ఇలా ఉంచి, శిక్షే పడని వారి మాట చూడండి. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో జుమా నమాజు వేళ బాంబు పేలింది. తొమ్మిది మంది ఆ పేలుడులోను, అయిదుగురు తరువాతి పోలీసు కాల్పులలోను మరణించారు. అనుమానంతో పట్టుకున్నది పదుల సంఖ్యలో ముస్లిం యువకులను. వారు నిర్దోషులుగా బయటపడ్డారు. 2011 చివరలో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వారిలో 20 మందికి తలా 3 లక్షల రూపాయలు, మరో 50 మందికి తలా 20 వేలు పరిహారం ప్రకటించింది. డబ్బుతో పాటు సత్ప్రవర్తన ధ్రువపత్రాలు కూడ ఇచ్చింది. నేరమే చేయనివానికి ‘ఇతడు మంచివాడు’ అని సర్కారు కాగితం రాసి ఇవ్వవలసి వచ్చిందంటే, ఆ కాగితం లేకుండా అతనికి పని దొరకదని సర్కారుకు కూడ తెలుసన్నమాట. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని రద్దు చేసింది. నిర్దోషికే ఇంతటి కాగితం అవసరమైతే, నిజంగా తప్పు చేసి, శిక్ష అనుభవించి, మారాలనుకున్నవానికి ఎవరు రాసి ఇస్తారు?

మట్కా కాలం వెళ్లిపోయింది. నేటి విశాఖలో పిలుపు గంజాయిది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల నుంచి దిగే మూటలు జాతీయ రహదారి మీదుగానే దూర రాష్ట్రాలకు పోతాయి. అడవివరం జైలులో పెద్ద సంఖ్యలో ఉన్నది ఆ కేసుల్లోని వారే. వారిలో అధికులు మోసుకుపోయేవారు, బండి నడిపేవారు. మూట యజమాని అరుదుగా చిక్కుతాడు. ఇరవై కిలోలకు మించి దొరికితే పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల శిక్ష, బెయిలు గగనం. రెండవసారి పట్టుబడితే శిక్ష ఒకటిన్నర రెట్ల వరకు పెరుగుతుంది. ఇంత తెలిసీ ఎందుకు పోతారు? జైలులో పరిచయమైనవాడు బయట ఫోను చేస్తాడు. ఒక్క ప్రయాణానికి ఇచ్చే మొత్తం కొన్ని నెలల కూలితో సమానం. మేస్త్రీ అడిగే ధ్రువపత్రం వాడు అడగడు. ఇంటి యజమాని చూసే పేరు వాడు చూడడు. జైలు నుంచి వచ్చిన మనిషిని ఎటువంటి ప్రశ్నా లేకుండా పనిలోకి తీసుకునే ఏకైక యజమాని వాడే. సినిమా దీనిని ప్రలోభం అంటుంది. మాకు ఇది ఇతర తలుపులన్నీ మూసిన తరువాత మిగిలిన ఒకే తలుపుగా కనిపిస్తున్నది.

ఇక్కడ మమ్మల్ని నిలదీసేవారు ఉంటారు. గంజాయికి బానిసైన బిడ్డ తల్లి, చెల్లెలి గొలుసు తెంచుకుపోయిన దొంగ బయట తిరుగుతుంటే భయపడే కుటుంబం. వారి కోపం న్యాయమైనది. నేరాన్ని పేదరికం ఖాతాలో వేసి చేతులు దులుపుకొనే వాదన మాది కాదు. అంతే కష్టంలో ఉండి మూట మోయని వేలమంది ఉన్నారు. వారిని అవమానించరాదు. అయితే ఆ తల్లి భయం తీరాలన్నా, విడుదలైనవాడు రేపు ఉదయం ఏ పనికి పోతాడన్నదే ప్రశ్న. తెలంగాణ జైళ్ల శాఖ చంచల్‌గూడ దగ్గర నడిపే పెట్రోలు బంకులో ఖైదీలు పని చేస్తున్నారు, విడుదలైన వారికీ అక్కడ అవకాశం ఇచ్చారు. రోజంతా నగదు చేతులు మారే చోట వారిని నమ్మారు. కొంపలు మునగలేదు. మధురవాడలో ఇన్ని నిర్మాణ సంస్థలు, ఇన్ని కంపెనీలు ఉన్నాయి. సర్కారు ప్రోత్సాహంతో భూములు పొందినవీ వాటిలో ఉన్నాయి. విడుదలైనవారికి కొన్ని ఉద్యోగాలు కేటాయించమని వాటిని ఎవరైనా అడిగారా?

సర్కారును, కంపెనీలను అడిగే ముందు మన మసీదు కమిటీలను కూడ అడగాలి. జకాత్ ఖర్చు చేయవలసిన ఎనిమిది పద్దులలో బంధవిముక్తి ఒకటి, అప్పులలో మునిగినవారు మరొకటి. రంజాన్‌లో రేషను కిట్లు పంచుతాము, మంచిదే. బెయిలు మంజూరై, జామీను పెట్టేవారు లేక జైలులోనే మగ్గే విచారణ ఖైదీ మన పద్దులోకి వస్తున్నాడా? 2022 చివరికి దేశంలోని 5,73,220 మంది ఖైదీలలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. ముస్లింల వాటా జనాభాలో 14.2 శాతం, జైళ్లలో అంతకు మించి. విడుదలై వచ్చినవాడు జుమాకు వస్తే సఫ్‌లో పక్కన నిలబడతాము, సలాముకు బదులిస్తాము. మన దుకాణంలో గల్లాపెట్టె దగ్గర మాత్రం కూర్చోబెట్టము. అతని చెల్లెలికి సంబంధం అడగము. మొదటి షీటు ఠాణాలో తెరుస్తారు, రెండవది మనమే తెరుస్తాము.

చేయగలిగిన పని ఒకటి ఇప్పటికే సిద్ధంగా ఉన్నది. పేద ఖైదీల సహాయ పథకం 2023 నుంచి అమలులో ఉన్నది. దాని కింద విచారణ ఖైదీకి బెయిలు కోసం 40 వేల రూపాయల వరకు, శిక్షపడినవానికి జరిమానా కోసం 25 వేల వరకు ప్రభుత్వమే చెల్లించేలా 2023లో నిర్ణయించారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి ఉండే కమిటీ నిర్ణయం తీసుకుంటుంది. అడిగేవారు లేనిచోట దరఖాస్తు ముందుకు కదలదు. మధురవాడ, ఆరిలోవ పరిసరాల మసీదు కమిటీలు ఇద్దరు న్యాయవాదులను వెంట పెట్టుకొని ఈ నెలలోనే అడవివరం జైలు సూపరింటెండెంటును కలవాలి. జామీను లేక ఆగిపోయినవారు ఏ మతస్థులైనా సరే, వారి జాబితా అడగాలి. బయటికి వచ్చేవారికి తాపీ పని ఇవ్వగల మేస్త్రీలు, గది ఇవ్వగల యజమానులు మన పాఠకులలోనే ఉన్నారు. తమ పేర్లు ఆ కమిటీలకు ఇవ్వవలసిందిగా వారిని కోరుతున్నాము.